ఒక్క బకెట్ ఆయిల్ మూడు ఇంజిన్లకూ సరిపోతుందా?

మీరు చెప్పిన సంగతులు ఒకసారి వరసలో పెడతాను. నరసన్నపేట పక్క పల్లె. 2011లో కొన్న 45 హెచ్‌పీ ట్రాక్టరు, టర్బో లేదు, మాన్యువల్ ఎప్పుడో పోయింది. 2021లో కొన్న బీఎస్-6 (పొగ మీద కొత్త హద్దుల) డీజిల్ పికప్. వంశధార కాలవ గట్టు మీద నీళ్లు తోడే 5 హెచ్‌పీ పీటర్ ఇంజిన్. కొట్టాయన 20డబ్ల్యూ-40 ఆయిల్ ఇరవై లీటర్ల బకెట్ తీసి, వేలికి రాసి చూపించి, "ఎంత చిక్కగా ఉందో చూడండి, మూడింటికీ ఇదే పోసేయండి" అన్నారు. పోయొచ్చా అని మీ ప్రశ్న.

నీళ్ల ఇంజిన్‌కి పోయొచ్చు. ట్రాక్టరుకి పోస్తే నడుస్తుంది గానీ అంతకంటే మేలైనది అదే కొట్లో ఉంటుంది. పికప్‌లో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. ఎందుకో తెలిస్తే రేపు ఇంకో కొట్లో ఇంకో మాట చెప్పినా మీరు తడబడరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వేలి పరీక్ష సంగతి. రెండు వేళ్ల మధ్య రాసి చూస్తే తెలిసేది 30 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎలా ఉందో, అంతే. ఇంజిన్లో అది పనిచేసేది 90, 100 డిగ్రీల దగ్గర. బేరింగుల సందుల్లో ఇంకా ఎక్కువ. డబ్బా మీద డబ్ల్యూ తర్వాత వేసిన అంకె ఆ వేడి మీద చిక్కదనాన్ని చెబుతుంది. 40 అని ఉంటే 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు ఉండాలి. 15డబ్ల్యూ-40 అయినా, 20డబ్ల్యూ-40 అయినా, ఒట్టి 40 అయినా హద్దు ఇదే. 150 డిగ్రీల దగ్గర నలిపి చూసే పరీక్షలో కూడా మూడింటికీ ఒకటే లెక్క, 3.7 సెంటీపాయిజ్‌కి తగ్గకూడదు.

డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో స్టార్టింగ్ కోసం. 15డబ్ల్యూని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా మన మైదానంలో ఆ చలికి చుట్టుపక్కలకైనా పోము. కాబట్టి "20 పెద్ద అంకె, ఎండాకాలం గట్టిగా నిలబడుతుంది" అన్నది ఒట్టి మాట. వేడెక్కాక రెండూ ఒకటే. తేడా అంతా పొద్దున్న మొదటి అర నిమిషంలో ఉంది. 15డబ్ల్యూ రాకర్ల దాకా కాస్త ముందు చేరుతుంది. ఇంజిన్ అరుగుదలలో ఈ మొదటి అర నిమిషాలకి పెద్ద వాటానే ఉంది, కనుక మనకి 15డబ్ల్యూ-40 వల్ల లాభమే తప్ప నష్టం లేదు.

ఇంకా చిక్కటిది పోస్తే ఇంకా మంచిదన్న నమ్మకం కూడా మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. చిక్కటి ఆయిల్ పోస్తే మీటర్లో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది నిజమే. కానీ ఆ ప్రెషర్ ఆయిల్ కదలడం లేదని చెబుతున్న ప్రెషర్. పంపు దగ్గర రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్ బేరింగులకి పోకుండా తిరిగి చాంబర్లోకే, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకే పడిపోతుంది. ఫిల్టర్లో ఉండే బైపాస్ వాల్వు కూడా తెరుచుకుంటుంది, అంటే వడకట్టని ఆయిల్ బేరింగుల్లోకి పోతుంది. 20డబ్ల్యూ-50కి ఒకే ఒక్క చోటు ఉంది: బోరు అరిగి, ఆయిల్ తాగుతూ, టర్బో లేని పాత ఇంజిన్, ఈ సీజన్ గట్టెక్కితే చాలు, కోతలయ్యాక రింగులు వేయిద్దాం అనుకునే చోట. అది మందు కాదు, కట్టు.

ఇక అసలు సంగతి అంకెల్లో కాదు, అక్షరాల్లో ఉంది. డబ్బా వెనక ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) అని రాసి పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజిన్లది, సీతో మొదలైతే డీజిల్ ఇంజిన్లది. డీజిల్ ఆయిల్‌కీ పెట్రోలు ఆయిల్‌కీ పెద్ద తేడా మసి దగ్గర. డీజిల్ ఇంజిన్లో మసి పుట్టి ఆయిల్‌లోకి దిగుతూనే ఉంటుంది. ఆ మసిని ముద్ద కట్టనీయకుండా, అడుగున పేరుకోనీయకుండా తేల్చి ఉంచే మందులు డీజిల్ ఆయిల్‌లో ఎక్కువ మోతాదులో కలుపుతారు. ఇక్కడే మన దగ్గర ఒక పొరపాటు జరుగుతుంటుంది. 20డబ్ల్యూ-40 అని రాసిన డబ్బాల్లో చాలా భాగం మోటారు సైకిలు ఆయిల్. 4టీ అనీ, జేఏఎస్‌వో ఎంఏ అనీ, ఎస్ఎల్ అనీ ఉంటుంది. అంకెలు కలిశాయి కదా అని దాన్ని ట్రాక్టర్లో పోస్తే మసిని మోసే బలం దానికి లేదు. కొనే ముందు అంకె కంటే ముందు ఆ సీ అక్షరం వెతకండి.

సీ వర్గంలో కూడా తరాలున్నాయి. సీఎఫ్-4 1990 నాటిది, ఇప్పుడు ఏపీఐ లెక్కలో కాలం తీరిపోయింది. అయినా మన కొట్లలో ఇంకా దొరుకుతుంది. సీహెచ్-4 1998ది. పొగని కొంత తిరిగి ఇంజిన్లోకే పంపే ఈజీఆర్ ఉన్న ఇంజిన్ల కోసం 2002లో సీఐ-4 వచ్చింది, మసిని ఇంకా బాగా మోసేలా దాన్ని పెంచితే సీఐ-4 ప్లస్ అయింది. సైలెన్సర్లో మసి వడకట్టే డీపీఎఫ్ ఉన్న వాటికి సీజే-4, తర్వాత 2016 డిసెంబరులో సీకే-4 వచ్చాయి. సీకే-4 వెనక తరాలకీ పనిచేస్తుంది. అంటే సీజే-4, సీఐ-4, సీహెచ్-4 అడిగిన ఇంజిన్లో సీకే-4 పోయొచ్చు. ఎఫ్ఏ-4 అని ఇంకోటి ఉంది, అదే రోజుల్లో వచ్చింది గానీ పలచటిది, దానికోసమే కట్టిన ఇంజిన్లకి తప్ప పాతవాటికి పనికిరాదు. మీ మూడింట్లో దేనికీ అది వద్దు.

ట్రాక్టరు సంగతి చూద్దాం. 2011 నాటి టర్బో లేని ఇంజిన్‌కి, ఆ బకెట్ మీద సీఎఫ్-4 అని ఉన్నా నడుస్తుంది. మీ కొట్టాయన మాటలో అబద్ధం లేదు. నా సలహా మాత్రం 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్. ఉభాల ముందు దమ్ములో ట్రాక్టరు ఫుల్ లోడు మీద గంటల తరబడి నడుస్తుంది, ముందుకు పోయేది తక్కువ కాబట్టి గాలి తగిలేదీ తక్కువ. మసీ వేడీ రెండూ ఎక్కువ. అక్కడ సీఐ-4 ప్లస్ డబ్బుకి తగిన పని చేస్తుంది. కంపెనీ ఏది అన్నది నేను పెద్దగా పట్టించుకోను. ఇండియన్ ఆయిల్ వారి సర్వో అయినా, భారత్ పెట్రోలియం వారి మాక్ అయినా, ప్రైవేటు కంపెనీది అయినా వెనక ఆ అక్షరాలుంటే చాలు. ట్రాక్టరు కంపెనీ పేరు మీద అమ్మే ఆయిల్‌నీ వెనక్కి తిప్పి అక్షరాలు చూశాకే కొనండి.

ఆ బకెట్ తెచ్చాక ట్రాక్టరు వెనక భాగంలో, అంటే గేరు, హైడ్రాలిక్ కలిసి ఉండే హౌసింగులో పోయకండి. ఆయిల్లో మునిగి పనిచేసే బ్రేకులున్న ట్రాక్టరు అయితే దానికి వేరే ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటుంది, పట్టు తగ్గుతుంది.

ఈ తరగతి ట్రాక్టర్లలో చాంబరు సాధారణంగా 6 నుంచి 9 లీటర్లు పడుతుంది. మాన్యువల్ లేదు కనుక కొలత మీద నమ్మకం పెట్టుకోకుండా డిప్‌స్టిక్ మీద నమ్మకం పెట్టుకోండి. మార్చే వ్యవధి చాలా కంపెనీలు 250 గంటలని రాస్తాయి. దమ్ము, రోటావేటరు, కళ్లంలో నూర్పు వరసగా పడిన ఏడాది 200 గంటలకే మార్చడం మంచిది. గంటల మీటరు తీగతో తిరిగే పాత రకం అయితే ఒక మెలిక ఉంది. అది గడియారం గంటలు లెక్కపెట్టదు, ఇంజిన్ చుట్లు లెక్కపెడుతుంది. స్లోలో పెట్టి గంట కూర్చుంటే మీటరు అరగంట కూడా చూపించకపోవచ్చు. కానీ స్లోలో నడిచిన గంటే ఆయిల్‌కి ఎక్కువ చేటు. డీజిల్ సరిగా కాలక మసి పెరుగుతుంది, కాలని డీజిల్ రింగుల పక్కనుంచి చాంబర్లోకి దిగుతుంది. ట్రాలీ లోడవుతున్నంతసేపూ ఇంజిన్ ఆన్‌లో ఉంచే అలవాటుంటే మీటరు చెప్పిన దానికి పదో పరకో కలుపుకోండి.

ఒకప్పుడు 100 గంటలకే మార్చాలనేవారు. ఆ మాట గంధకం ఎక్కువున్న డీజిల్ రోజుల నాటిది. గంధకం కాలి, ఆవిరితో కలిసి ఆమ్లమై, ఆయిల్‌లోని క్షారాన్ని తినేసేది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి 50 పీపీఎం, 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం డీజిల్ వస్తోంది. సీఐ-4 ఆయిల్ని 5000 పీపీఎం దాకా తట్టుకునేలా తయారు చేశారు. కనుక "మా ఆయిల్లో టీబీఎన్ (ఆ క్షారం కొలత) ఎక్కువ" అని ఎవరైనా ఊదరగొడితే దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఇప్పుడు మన ట్రాక్టర్లని చంపుతున్నది ఆమ్లం కాదు, దుమ్ము.

దుమ్ము అన్నాక ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పకుండా ఉండలేను. ఎంత మంచి ఆయిల్ పోసినా అక్కడ అశ్రద్ధ చేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే. మీది అడుగున ఆయిల్ గిన్నె ఉండే రకం అయితే, నూర్పుల రోజుల్లో రోజూ విప్పి చూడాలి. గిన్నె అడుగున సెంటీమీటరు మందాన బురద చేరితే పారబోసి, డీజిల్‌తో కడిగి, ఆరాక ఇంజిన్లో పోసే ఆయిలే గుర్తు గీత దాకా పోయాలి. గీత దాటకూడదు. దాటితే ఆ ఆయిల్‌ని ఇంజిన్ పీల్చుకుంటుంది, ఒక్కోసారి స్టాప్ లాగినా ఆగకుండా రేజ్ అయిపోతుంది. గిన్నె నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు గొట్టం చీలిందేమో, క్లిప్పు వదులైందేమో కూడా చూడండి. అక్కడ వెంట్రుకంత సందు ఉన్నా వడకట్టని ధూళి నేరుగా బోర్లోకి పోతుంది.

నీళ్ల ఇంజిన్‌కి పేచీ తక్కువ. 1500 చుట్ల పీటర్ రకంలో ఆయిల్ పంపు ఉంటుంది, ఒట్టి 40 అయినా 15డబ్ల్యూ-40 అయినా చెల్లుతుంది. ట్రాక్టరు బకెట్లోదే పోసేయండి. మీ ఊళ్లో ఎవరికైనా 650 చుట్ల పాత స్లో స్పీడు ఇంజిన్ ఉంటే వాళ్లకి ఒక మాట చెప్పండి: చాలావాటిలో పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున చెమ్చాలాంటిది ఆయిల్ని చిమ్ముతుంది. మట్టం ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గితే చెమ్చాకి అందదు, బేరింగు పోతుంది. వాటికి ఏ ఆయిల్ అన్నదానికన్నా ఎంత ఆయిల్ అన్నది ముఖ్యం. రోజూ స్టార్ట్ చేసే ముందు చూడాలి, అదీ ఇంజిన్ సమంగా ఉన్నప్పుడు. గట్టు మీద వాలుగా దించిన ఇంజిన్లో డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది.

ఈ చిన్న ఇంజిన్లలో ఆయిల్ కొద్దిగానే పడుతుంది, చాలావాటికి ఫిల్టర్ కూడా నామమాత్రం. కనుక 100 గంటలకోసారి మార్చండి, ఖర్చేమంత ఉండదు. రబీ అయ్యాక వానాకాలమంతా పాకలో పెట్టేస్తారు కదా. మనవాళ్లు సాధారణంగా మళ్లీ తీసేటప్పుడు ఆయిల్ మారుస్తారు. అది తిరగేయాలి. పెట్టే ముందు మార్చి, కొత్త ఆయిల్‌తో ఐదు నిమిషాలు తిప్పి, అప్పుడు పెట్టాలి. పాత ఆయిల్‌లోని ఆమ్లం, తేమ నాలుగైదు నెలలు బేరింగుల మీద కూర్చుంటే తినేస్తాయి. మన సముద్రపు గాలికి అది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక పికప్. మీ ప్రశ్నలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బీఎస్-6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసి అందులో చిక్కుకుంటుంది, బండి అప్పుడప్పుడు దాన్ని ఆరువందల డిగ్రీల వేడికి తెచ్చి కాల్చేసుకుంటుంది. మసి కాలి గాలిలో కలిసిపోతుంది. కానీ ఇంజిన్ ఎంతో కొంత ఆయిల్ని కూడా కాలుస్తుంది కదా, ఆ ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటివి బూడిదగా మిగులుతాయి. బూడిద ఎంత వేడికీ కాలదు. జల్లెడలో పేరుకుంటూ పోతుంది.

లెక్క వేసి చూడండి. వెయ్యి కిలోమీటర్లకి 100 మిల్లీలీటర్లు కాలుతోందనుకుందాం. లక్ష కిలోమీటర్లకి 10 లీటర్లు, అంటే సుమారు 8.7 కిలోలు. పాత రకం ఆయిల్‌లో బూడిద పాలు నూటికి 1.5 అయితే జల్లెడ మీదికి 130 గ్రాములు చేరుతుంది. సీకే-4కి హద్దు నూటికి 1, అంటే 87 గ్రాములు. ఏసీఈఏ (యూరప్ బండ్ల కంపెనీల సంఘం) సీ3 లాంటి వాటికి హద్దు 0.8, అంటే 70 గ్రాములు. ఎంత చిన్న జల్లెడ అయితే ఈ తేడా అంత తొందరగా కనబడుతుంది. ముందు బండి లాగుడు తగ్గుతుంది, కాల్చుకునే పని మాటిమాటికీ వస్తుంది, తర్వాత లైటు వెలిగి బండి లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుని కుంటుతుంది. కొత్త డీపీఎఫ్ ధర అడిగి చూడండి, ఎన్ని బకెట్లో మీకే తెలుస్తుంది. సీఐ-4 ప్లస్‌కి బూడిద మీద హద్దే లేదు. అందుకే ట్రాక్టరుకి మంచిదని చెప్పిన ఆయిలే పికప్‌కి కూడదు.

పికప్ మాన్యువల్ మీ దగ్గర ఉందన్నారు. అందులో ఇంజిన్ ఆయిల్ పేజీలో రెండు సంగతులు చూడండి: అంకె, వర్గం. 15డబ్ల్యూ-40 సీకే-4 ఒప్పుకుంటాం అని ఉంటే మీ అదృష్టం. అప్పుడు ఒకే సీకే-4 బకెట్ మూడింటికీ సరిపోతుంది, కొట్టాయన మాట ఇంకో రకంగా నిజమవుతుంది. 5డబ్ల్యూ-30, ఏసీఈఏ సీ2 లేదా సీ3 అని ఉంటే, లేదా కంపెనీ సొంత అనుమతి సంఖ్య ఉంటే, దానికి వేరే డబ్బా కొనక తప్పదు. "30 అంటే నీళ్లలా ఉంటుంది, మన ఎండలకి ఆగదు" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ ఇంజిన్ బేరింగుల సందు, పంపు ఆ ఆయిల్‌కే లెక్కగట్టి పెట్టారు. సీ3 ఆయిల్ 30 అయినా 150 డిగ్రీల పరీక్షలో 3.5కి తగ్గకూడదు, 40కి పెద్ద దూరం లేదు.

పికప్‌తో ఇంకో జబ్బు. జల్లెడ కాల్చుకునేటప్పుడు బండి సిలిండర్లోకి ఆలస్యంగా కాస్త అదనపు డీజిల్ కొడుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే ఆ పని సగంలో ఆగుతుంది, డీజిల్ కొంత గోడల వెంట చాంబర్లోకి జారుతుంది. పొలం నుంచి సంతకి, సంత నుంచి ఇంటికి, రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లే అయితే రోజూ ఇదే జరుగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతుంది. చాలామంది "నా బండి చుక్క ఆయిల్ తాగదు, ఇంకా పెరుగుతోంది" అని మురిసిపోతారు. అది మురిసే సంగతి కాదు. నూటికి ఐదు పాళ్లు డీజిల్ కలిస్తే చాలు, 40 ఆయిల్ 30లా పలచబడవచ్చు. పై గీత దాటి పెరిగి డీజిల్ వాసన వస్తే కిలోమీటర్లు చూడకుండా మార్చేయండి. వారానికోసారి హైవే ఎక్కి టెక్కలి దాకా ఆపకుండా ఒకే వేగంలో పోయి వస్తే ఈ జబ్బు చాలావరకు దగ్గరికి రాదు. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడైతే మాన్యువల్ చెప్పినట్టు నడపండి, మామూలుగా పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, ఆరేదాకా ఇంజిన్ ఆపొద్దు.

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఘాటెక్కే లారీల వాళ్లకి కూడా లెక్క ఇదే. బీఎస్-4 దాకా సీఐ-4 ప్లస్, బీఎస్-6 అయితే సీకే-4, 15డబ్ల్యూ-40. ఘాటెక్కి ఆగగానే టర్బో బాగా కాగి ఉంటుంది. వెంటనే ఆపేస్తే షాఫ్టు దగ్గర నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపాలి.

మార్చే పద్ధతి మీకు తెలిసిందే, అందులో తప్పులు జరిగే చోట్లు మాత్రం చెబుతాను. చల్లటి ఇంజిన్లోంచి దింపకండి. పది నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, వేడిగా ఉండగా డ్రెయిన్ నట్టు తీయండి. మసి ఆయిల్‌లో తేలుతూ బయటికి వస్తుంది. చేతులు కాలకుండా చూసుకోండి. పావుగంట కారనివ్వాలి. నట్టు వాషరు కొత్తది వేయండి, పాతదాన్ని బిగించి బిగించి చాంబరు మర చెడగొట్టుకుంటారు. ఫిల్టర్ ప్రతిసారీ మార్చాల్సిందే, "ఒకసారి విడిచి ఒకసారి" అన్నది దండగ పొదుపు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్తది బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిల్ మొత్తం నేల మీద ఉంటుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి, అంటుకునేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు. పానాతో బిగించొద్దు.

ఆయిల్ అర లీటరు తక్కువగా పోసి, ట్రాక్టరులో అయితే స్టాప్ లాగి పట్టుకుని ఐదారు సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టండి, ఆయిల్ లైటు ఆరుతుంది. అప్పుడు స్టార్ట్ చేసి, రేజ్ చేయకుండా రెండు నిమిషాలు ఉంచి, ఆపి, ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. పై గీతకి వెంట్రుకవాసి కింద ఉంటే చాలు. ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ని తాకి నురగ కొడుతుంది. పంపు నురగని లాగితే ప్రెషర్ పడిపోతుంది.

వారం తిరక్కుండా ఆయిల్ నల్లగా అయిందని కంగారు పడకండి. నల్లబడటమంటే మసిని మోస్తోందని అర్థం. నల్లబడకుండా తేనె రంగులోనే ఉండే డీజిల్ ఆయిల్‌ని చూస్తే నాకు అనుమానం. భయపడాల్సిన రంగు పాల రంగు, బూడిద రంగు. అది నీరు కలిసిందని చెబుతుంది, హెడ్ గాస్కెట్టో ఆయిల్ కూలరో పోయింది. అనుమానంగా ఉంటే వేడి పెనం మీద ఒక్క చుక్క వేయండి, చిటపటమంటే నీరుంది. మొహం దూరంగా పెట్టుకోండి.

ఇంకో మంచి పరీక్ష ఉంది. వేడి ఆయిల్ చుక్క ఒకటి అద్దుడు కాగితం మీద వేసి రాత్రంతా వదిలేయండి. మచ్చ మధ్య నుంచి అంచు దాకా మెల్లగా పలచబడుతూ వ్యాపిస్తే ఆయిల్‌కి ఇంకా సత్తువ ఉంది. మధ్యలో కాటుక బొట్టులా నల్లటి గుండ్రం తెగ్గొట్టినట్టు నిలిచి, చుట్టూ ఒట్టి నూనె మరక ఉంటే మసిని మోసే బలం అయిపోయింది, మార్చేయండి.

జనరేటర్ ఉన్నవాళ్లకి ఒక ముక్క. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, జనరేటర్లు రాత్రీ పగలూ నడిచాయి. అలాంటప్పుడు తారీఖులు కాదు, గంటలు రాసుకోవాలి. పది రోజులు ఆగకుండా నడిస్తే 240 గంటలు, అంటే చాలా జనరేటర్లకి ఒక ఆయిల్ మార్పు. ఎనిమిది పది గంటలకోసారి ఆపి, డిప్‌స్టిక్ చూసి మళ్లీ వేయండి.

కొనేటప్పుడు లూజు ఆయిల్ జోలికి పోవద్దు. పీపాలోంచి సీసాలో పట్టి ఇచ్చేదానికి వెనక అక్షరాలుండవు. డబ్బా అయినా మూత కింద రింగు తెగకుండా ఉందా, బ్యాచ్ నంబరూ తారీఖూ చెరపకుండా ఉన్నాయా చూసి, జీఎస్టీ బిల్లు అడగండి. పక్క కొట్టు కంటే మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆ డబ్బా ఇంతకుముందే ఒకసారి ఖాళీ అయి ఉండొచ్చు. మీ ఖాళీ బకెట్‌కి కూడా అడుగున ఒక చిల్లు పొడిచాకే పాత సామాన్ల వాడికి వేయండి. మసి తగ్గిస్తాం, పవర్ పెంచుతాం అని అమ్మే చిన్న సీసాల మందులు వద్దు. ఆయిల్లో మందులన్నీ కొలిచి కలిపే ఇస్తారు, పైన ఇంకోటి కలిపితే ఆ పొత్తు చెడుతుంది. దారిలో ఆయిల్ తగ్గితే మాత్రం ఇంకో కంపెనీది కలపడానికి జంకనక్కర్లేదు. అక్షరాలూ అంకెలూ ఒకటైతే విరిగిపోవడం లాంటిదేమీ జరగదు. ఆయిల్ లేకుండా నడపడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

దింపిన ఆయిల్ కాలవ గట్టున పారబోయకండి, కంచె కర్రలకి పూయకండి. చెదలకి మంచిదని పూస్తారు గానీ వానకి కడుక్కుని మీ చేలోకే వస్తుంది. మూతున్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనే అనుమతి ఉన్నవాళ్లకి ఇవ్వండి.

పికప్ మాన్యువల్ పేజీలో ఆయిల్ ఎదురుగా ఏం రాసుందో అక్షరం పొల్లుపోకుండా చెప్పండి. అది సీకే-4 అయితే మీకు ఒక బకెట్, కాకపోతే ఒక బకెట్టూ ఒక డబ్బా.